508001 నుంచి 509001 దాకా: మీ లెక్కకు ఏ జల్లెడ?

నల్లగొండ పిన్‌కోడ్ 508001. మహబూబ్‌నగర్ పిన్‌కోడ్ 509001. మొదటిది దాటాక రెండోదాని వరకు సరిగ్గా వెయ్యి సంఖ్యలున్నాయి. వీటిలో ప్రధాన సంఖ్యలు ఎన్ని? ఆ ప్రాంతంలో సగటున పదమూడు సంఖ్యలకు ఒక ప్రధాన సంఖ్య తగులుతుంది కాబట్టి దాదాపు 76 ఉండాలి. ఇది అంచనా మాత్రమే. ఇంతకు మించవు, ఇంతకు తగ్గవు అని రుజువుతో చెప్పాలంటే జల్లెడ పద్ధతులు కావాలి, అంటే చిన్న ప్రధానాలతో భాగింపబడేవాటిని కొట్టేస్తూ మిగిలినవి ఎన్నో లెక్కించే పద్ధతులు. అది కూడా ఈ వెయ్యికే కాక, ఎంత పెద్ద సంఖ్య పక్కన తీసుకున్న గుంపుకైనా చెల్లేలా చెప్పాలి.

మహాత్మా గాంధీ విశ్వవిద్యాలయంలోనో పాలమూరు విశ్వవిద్యాలయంలోనో ఎమ్మెస్సీ గణితం చదువుతూ, ప్రాజెక్టుకు సంఖ్యా సిద్ధాంతం ఎంచుకున్న పిల్లలు నన్ను తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది: "బ్రున్ జల్లెడ తీసుకోవాలా, సెల్బెర్గ్‌దా, నేరుగా మేనార్డ్ పద్ధతికి వెళ్లాలా?" పేరును బట్టి జల్లెడను ఎంచుకోవడం నాకు నచ్చదు. ప్రతి జల్లెడకూ ఒక చోట కాలు ఆగిపోతుంది. అది ఎక్కడ ఆగుతుందో ముందే లెక్క కట్టవచ్చు. మీ ప్రశ్న ఆ హద్దుకు ఇవతల ఉందా, అవతల ఉందా అన్నది చూసుకున్నాకే పుస్తకం తెరవాలి. నా సలహా అంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

ముందు మూడు అంకెలు రాసుకోండి

మొదటిది డైమెన్షన్, గుర్తు కప్పా. ఒక్కో ప్రధాన సంఖ్యతో భాగించినప్పుడు సగటున ఎన్ని శేషాలను కొట్టేస్తున్నారో అదే కప్పా. ప్రధాన సంఖ్యలు కావాలంటే శేషం 0 ఒక్కటే పోతుంది, కప్పా 1. కవల ప్రధాన సంఖ్యలు, అంటే 2 తేడాతో ఉండే ప్రధానాల జతలు, కావాలంటే ఎన్, ఎన్+2 రెండింటికీ శేషం 0 రాకూడదు, కప్పా 2. ఎన్ వర్గానికి ఒకటి కలిపిన సంఖ్యల్లో ప్రధానాలు వెతికితే, 4తో భాగించినప్పుడు 1 మిగిల్చే ప్రధానాలకు రెండేసి శేషాలు పోతాయి, 3 మిగిల్చే వాటికి ఏమీ పోదు, కాబట్టి సగటు మళ్లీ 1. రెండు వర్గాల మొత్తంగా రాయగల సంఖ్యల లెక్కలో కప్పా 1/2.

రెండోది స్థాయి, గుర్తు డి. మీ గుంపులో ఒక సంఖ్యతో భాగింపబడేవి ఎన్ని అన్నది అంచనా వేసినప్పుడు కొంత దోషం మిగులుతుంది. భాజకాలను ఎంత దూరం వరకు తీసుకుంటే ఆ దోషాలన్నీ కలిపినా అసలు లెక్కను మింగేయవో, ఆ దూరమే స్థాయి. మన వెయ్యి సంఖ్యల గుంపులో ఒక్కో భాజకానికి దోషం ఒకటికి మించదు కాబట్టి స్థాయి దాదాపు వెయ్యే.

మూడోది జెడ్: ఎంత పెద్ద ప్రధాన సంఖ్య వరకు జల్లిస్తున్నామన్నది. ఈ రెండింటి నుంచి ఎస్ వస్తుంది. లాగ్ డి ని లాగ్ జెడ్ తో భాగిస్తే ఎస్. డి 1000, జెడ్ 10 అయితే ఎస్ 3. జెడ్ 31.6 అయితే ఎస్ 2. ఎస్ ఎంత పెద్దదైతే జల్లెడ అంత నమ్మకంగా పనిచేస్తుంది. అది తగ్గుతూ వచ్చి ఒక విలువ దగ్గర దిగువ హద్దు సున్నా అయిపోతుంది. ఆ విలువే జల్లెడ ఆగే హద్దు, గుర్తు బీటా. ఈ విషయంలో తుది తీర్పు చెప్పేది బీటాయే.

పాతవి: లెజాండ్ర్, బ్రున్

ఎరటోస్తనీస్ జల్లెడను సూత్రంగా రాసింది లెజాండ్ర్. కలపడం, తీసేయడం, మళ్లీ కలపడం, అంతే. మన వెయ్యి సంఖ్యలకు దాన్ని పూర్తిగా వాడాలంటే 509001 వర్గమూలమైన 713 వరకు జల్లించాలి. అంతవరకు 127 ప్రధాన సంఖ్యలున్నాయి. సూత్రంలో పదాలు 2 కు 127వ ఘాతం, అంటే 39 అంకెల సంఖ్య. ఒక్కో పదంలో అతి చిన్న దోషం ఉన్నా, వెయ్యి సంఖ్యల లెక్క కోసం అన్ని దోషాలను మోసే సూత్రంతో ప్రయోజనం లేదు. ఇది తరగతిలో చెప్పుకోవడానికి బాగుంటుంది, ప్రాజెక్టుకు పనికిరాదు.

నార్వే గణితవేత్త విగో బ్రున్ చేసింది ఆ పదాలను మధ్యలో కత్తిరించడం. సరి సంఖ్యలో కారణాంకాలున్న భాజకాల దగ్గర ఆపితే ఎగువ హద్దు, బేసి దగ్గర ఆపితే దిగువ హద్దు వస్తుంది. చెబితే ఇంత చిన్నగా కనిపించే ఈ ఆలోచనతోనే 1919లో ఆయన కవల ప్రధాన సంఖ్యల విలోమాల మొత్తం ఒక పరిమిత విలువకు చేరుతుందని రుజువు చేశాడు. 1920లో ఎన్, ఎన్+2 రెండింటికీ తొమ్మిదికి మించి ప్రధాన కారణాంకాలు లేని జతలు అనంతంగా ఉన్నాయని చూపాడు. ఆ విలోమాల మొత్తాన్ని బ్రున్ స్థిరాంకం అంటారు, దాదాపు 1.902. 1994లో థామస్ నైస్లీ దాన్ని కంప్యూటర్‌పై లెక్కిస్తుండగానే పెంటియమ్ చిప్‌లో భాగహార దోషం బయటపడింది. శుద్ధ గణితం ఎందుకు పనికొస్తుందని అడిగే బంధువులకు చెప్పడానికి ఇది నాకు ఇష్టమైన జవాబు.

బ్రున్‌ను ఎప్పుడు ఎంచుకోవాలి? చిన్న ప్రధానాలను మాత్రం తీసేసి, మిగిలినవి దాదాపు ఎన్నో కచ్చితంగా తెలియాలంటే. ఎస్ పెద్దదిగా ఉన్నప్పుడు దోషం విపరీత వేగంతో తగ్గుతుంది. దీన్నే మూల ఉపప్రమేయం అంటారు. ఏ డైమెన్షన్‌కైనా పనిచేస్తుంది. ఎస్ ను చిన్నది చేసి పదునైన ఫలితం రాబట్టాలంటే బ్రున్ అసలు రూపం చాలదు.

సెల్బెర్గ్: ఎగువ హద్దు కావాలంటే ముందు ఇదే

అట్లే సెల్బెర్గ్ కూడా నార్వేవాడే. 1947లో ఆయన ఏ భాజకాలను ఉంచాలి, ఏవి వదలాలి అన్న ప్రశ్ననే పక్కన పెట్టాడు. ఒక్కో భాజకానికి ఒక వాస్తవ సంఖ్యను బరువుగా ఇచ్చి, ఆ బరువుల మొత్తాన్ని వర్గం చేశాడు. వర్గం ఎప్పుడూ రుణాత్మకం కాదు కాబట్టి ఎగువ హద్దు దానంతట అదే వస్తుంది. ఇక ఆ వర్గాన్ని వీలైనంత చిన్నది చేసే బరువులు ఏవో కనుక్కోవాలి. అది ద్విఘాత రూపాన్ని కనిష్ఠం చేసే లెక్క, డిగ్రీ స్థాయి రేఖీయ బీజగణితం తెలిసినవాళ్లు చేయగలిగేదే.

మన వెయ్యి సంఖ్యలకు ఈ దారిలో దొరికే ఫలితం బ్రున్–టిచ్‌మార్ష్ అసమానత: గుంపు పొడవును రెట్టింపు చేసి దాని లాగరిథమ్‌తో భాగిస్తే వచ్చే విలువకు మించి ప్రధానాలు ఉండవు. 2000 ను 6.908 తో భాగిస్తే 289. అదనపు దోష పదాలు ఏవీ లేకుండా ఇంత శుభ్రమైన రూపంలో దీన్ని రుజువు చేసింది 1973లో మాంట్‌గోమెరీ, వాన్. వాళ్లు వాడింది మాత్రం కింద చెప్పబోయే పెద్ద జల్లెడ. అంచనా 76, హద్దు 289. నాలుగు రెట్లకు దగ్గర తేడా. అందులో ఒక రెట్టింపు, మన గుంపు పొడవు 509001కి వర్గమూలం కంటే కొంచెమే ఎక్కువ కావడం వల్ల. ఇంకో రెట్టింపు సంగతి వేరు. అది కింద 'సరి–బేసి అడ్డంకి' భాగంలో వస్తుంది.

కవల ప్రధాన సంఖ్యలకు సెల్బెర్గ్ జల్లెడ నేరుగా ఇచ్చే ఎగువ హద్దు ఊహించిన సంఖ్యకు ఎనిమిది రెట్లు. బాంబియేరి–వినొగ్రాదోవ్ సిద్ధాంతాన్ని జోడిస్తే నాలుగు రెట్లు. ఒక సెమిస్టర్‌లో మొదలుపెట్టి పూర్తి రుజువు రాయగలిగే ప్రాజెక్టు ఏదంటే నేను ఇదే చెబుతాను.

లీనియర్ జల్లెడ: ఇక్కడ నిదానంగా చదవాలి

దిగువ హద్దు కావాలంటే, అంటే "ఇలాంటి సంఖ్యలు కనీసం ఇన్ని ఉన్నాయి" అని చెప్పాలంటే, కప్పా 1 ఉన్న ప్రశ్నలకు లీనియర్ జల్లెడకు సాటి లేదు. జుర్కాట్, రిచర్ట్ 1965లో సెల్బెర్గ్ ఎగువ హద్దును మళ్లీ మళ్లీ వాడి దీన్ని సాధించారు. రోసర్ ఆలోచనను ఇవానియెత్స్ 1980లో పూర్తి చేసి, భాజకాలను తెలివిగా ఎంచుకునే మార్గంలో అదే హద్దుకు చేరాడు. రెండు దారులు ఒకే చోట కలిశాయి.

దాని ఫలితం రెండు ప్రమేయాల రూపంలో ఉంటుంది, ఎగువకు ఒకటి, దిగువకు ఒకటి. మిగలాల్సిన సంఖ్యను ఒకటిగా తీసుకుంటే: ఎస్ 4 దగ్గర దిగువ 0.978, ఎగువ 1.021. అంటే రెండు శాతం తేడా. ఎస్ 3 దగ్గర 0.823, 1.187. ఎస్ 2 దగ్గర దిగువ సున్నా, ఎగువ 1.781. నాలుగు నుంచి రెండుకు దిగేసరికి పూర్తి నమ్మకం నుంచి పూర్తి అజ్ఞానానికి పడిపోయాం. కప్పా 1 కి బీటా 2 అన్నమాట.

మన వెయ్యి మీద దీన్ని చూద్దాం. ఈ సిద్ధాంతాలు చాలా పెద్ద సంఖ్యలకు ఉద్దేశించినవి, దోష పదాలను వదిలేసి ప్రధాన పదాలనే చూస్తున్నానని గుర్తుంచుకోండి. 2, 3, 5, 7 లను మాత్రం తీసేస్తే (జెడ్ 10, ఎస్ 3) సుమారు 229 మిగలాలి. లీనియర్ జల్లెడ 188కి, 271కి మధ్య అని చెబుతుంది. ఫర్వాలేదు. 31 వరకు ఉన్న పదకొండు ప్రధానాలనూ తీసేస్తే (ఎస్ 2) సుమారు 153 మిగలాలి. జల్లెడ చెప్పేది సున్నాకూ 272కూ మధ్య అని. ఆ హద్దుకు వెంట్రుకవాసి ఇవతల ఆగితే కొన్నైనా మిగులుతాయని రుజువవుతుంది. మిగిలినవాటికి ఎన్ని కారణాంకాలుండవచ్చు? 37 కు నాలుగో ఘాతం పద్దెనిమిది లక్షలు దాటుతుంది, మన సంఖ్యలు అయిదు లక్షల పైచిలుకే. కాబట్టి మూడుకు మించి ఉండవు. ప్రధాన సంఖ్య ఉందని చెప్పలేకపోయినా, మూడు కారణాంకాల లోపు సంఖ్య ఉందని చెప్పే మార్గం దొరికింది. జల్లెడ సిద్ధాంతంలో చాలా ఫలితాలు ఇలా సగం గెలుపులే.

కప్పా పెరిగితే ఏమవుతుంది? కప్పా 1/2 కి బీటా 1. కప్పా 1 కి 2. ఈ రెండు చోట్లా అంతకన్నా మంచి జల్లెడ సాధ్యం కాదని తెలుసు. కప్పా 2 కి వచ్చేసరికి రోసర్–ఇవానియెత్స్ మార్గం 4.83 దగ్గర ఆగుతుంది. డైమండ్, హాల్బర్‌స్టామ్, రిచర్ట్‌ల మార్గం సెల్బెర్గ్ ఎగువ హద్దుతో మొదలై 4.27 వరకు దిగుతుంది. కప్పా చాలా పెద్దదైతే మొదటిది కప్పాకు 3.59 రెట్ల దగ్గర ఆగితే, సెల్బెర్గ్ చివరి రోజుల్లో చూపిన మార్గం రెండు రెట్ల దగ్గరికి చేరుతుంది. కాబట్టి కప్పా 1 కి ఏ మార్గమైనా ఒకటే, మీకు ఏది సులువుగా అర్థమైతే అది తీసుకోండి. కప్పా 2 లేదా అంతకంటే ఎక్కువైతే సెల్బెర్గ్ కుటుంబం వైపు మొగ్గండి.

డైమెన్షన్‌ను తగ్గించుకోవచ్చు

జల్లెడను మార్చడం కంటే జల్లించే గుంపును మార్చడం చాలాసార్లు మేలు చేస్తుంది. కవల ప్రధాన సంఖ్యల ప్రశ్నే తీసుకోండి. అన్ని ఎన్ లనూ తీసుకుని ఎన్, ఎన్+2 రెండింటినీ జల్లిస్తే కప్పా 2, బీటా 4.27. ఎన్‌కు నాలుగు, ఎన్+2 కు నాలుగు కారణాంకాల వరకు ఒప్పుకోవాలి. అలా కాకుండా ముందే ప్రధాన సంఖ్యల గుంపు తీసుకుని, వాటికి 2 కలిపి జల్లిస్తే? కప్పా 1 కి పడిపోతుంది, బీటా 2 అవుతుంది. అయితే ప్రధాన సంఖ్యలు శేషాల మీద ఎంత సమంగా పరచుకున్నాయో తెలియాలి. అది తేలిక కాదు. 1965లో బాంబియేరి, ఎ.ఐ. వినొగ్రాదోవ్ వేర్వేరుగా నిరూపించినదాని ప్రకారం, సగటున చూస్తే, ఆ సమానత్వం వర్గమూలం దాకా నిలుస్తుంది. స్థాయి గుంపు పరిమాణానికి ఎన్నో ఘాతమో దాన్ని థీటా అంటారు, ఇక్కడ థీటా 1/2. స్థాయి ఘాతం సగానికి తగ్గింది, డైమెన్షన్ కూడా సగానికి తగ్గింది, కానీ బీటా సగానికన్నా ఎక్కువే తగ్గింది. ఎన్ ఇప్పటికే ప్రధాన సంఖ్య, దానికి 2 కలిపినదానికి నాలుగు కారణాంకాల వరకే. మొదటి బేరం కంటే ఇది స్పష్టంగా లాభం.

ఇక్కడి నుంచి బరువుల జల్లెడ (మిగిలినవాటిలో కారణాంకాలు ఎక్కువున్న సంఖ్యలకు తక్కువ విలువ ఇచ్చే జల్లెడ) సాయంతో నాలుగును మూడు చేయవచ్చు. చైనా గణితవేత్త చెన్ జింగ్‌రున్ 1966లో ప్రకటించి 1973లో పూర్తి రుజువు ప్రచురించిన సిద్ధాంతం దాన్ని రెండు చేసింది: ప్రధాన సంఖ్యకు 2 కలిపితే రెండుకు మించి కారణాంకాలు లేని సందర్భాలు అనంతం. మూడు కారణాంకాల సంఖ్యలను లెక్కలోంచి తీసేయడానికి ఆయన గుంపు పాత్రనే తారుమారు చేశాడు. పీహెచ్‌డీ వాళ్లు తప్పక చదవాల్సిన రుజువు ఇది. ఎమ్మెస్సీ ప్రాజెక్టుకు మాత్రం బరువు ఎక్కువ.

రెండును ఒకటి ఎందుకు చేయలేకపోయారు?

సరి–బేసి అడ్డంకి

మన గుంపులో రెండు సంఖ్యలు చూడండి. 508427 అంటే 677 × 751. 508639 అంటే 37 × 59 × 233. 31 వరకు జల్లించినా రెండూ మిగులుతాయి. మొదటిదానికి కారణాంకాలు సరి సంఖ్యలో, రెండోదానికి బేసి సంఖ్యలో ఉన్నాయి. ఈ తేడా జల్లెడకు కనిపించదు.

సెల్బెర్గ్ దీన్ని సూటిగా చూపించాడు. సరి సంఖ్యలో ప్రధాన కారణాంకాలున్న సంఖ్యలన్నింటినీ ఒక గుంపుగా తీసుకోండి. ఏ భాజకంతో చూసినా అవి అచ్చం మామూలు సంఖ్యల్లాగే పరచుకుని ఉంటాయి, స్థాయి కూడా దాదాపు గుంపు పొడవంత ఉంటుంది. అయినా ఆ గుంపులో ఒక్క ప్రధాన సంఖ్యా లేదు, ఎందుకంటే ప్రధాన సంఖ్యకు కారణాంకం ఒకటే, అది బేసి. కాబట్టి పరచుకున్న తీరును మాత్రమే చూసే ఏ జల్లెడైనా దిగువ హద్దుగా సున్నాయే ఇవ్వాలి. బేసి గుంపు తీసుకుంటే అందులో ప్రధానాలు ఊహించినదానికి రెట్టింపు ఉంటాయి. కాబట్టి ఎగువ హద్దు కూడా రెండు రెట్ల కంటే తగ్గలేదు. పైన 289 లో మిగిలిపోయిన రెట్టింపు ఇదే. శేషాల వరుసల్లోని ప్రధానాలకు బ్రున్–టిచ్‌మార్ష్‌లోని ఆ 2 ను కొంచెమైనా తగ్గించగలిగితే సీగెల్ శూన్యాలు (డిరిష్లే ఎల్-ప్రమేయాలకు 1 పక్కనే ఉండవచ్చేమోనని అనుమానించే సున్నాలు) లేవని తేలిపోతుంది. దాని విలువ అంతటిది.

మిర్యాలగూడ రైసు మిల్లులో జల్లెడ నూకలను బియ్యం నుంచి వేరు చేస్తుంది. రంగు మారిన గింజను వేరు చేయలేదు, దాని కొలత మంచి గింజ కొలతే కాబట్టి. జల్లెడ కన్ను ఎంత సన్నం చేసినా లాభం లేదు. రంగు చూసే సార్టెక్స్ యంత్రం విడిగా పెట్టాలి. ఇక్కడా అంతే. రెండు చలరాశుల లబ్ధాలపై నడిచే మొత్తాల గురించి కొత్త సమాచారం బయటి నుంచి తేవాలి. 1998లో ఫ్రీడ్‌లాండర్, ఇవానియెత్స్ అలాంటిదే తెచ్చి, ఒక వర్గానికి ఒక నాలుగో ఘాతం కలిపిన రూపంలో ప్రధానాలు అనంతమని రుజువు చేశారు. 2001లో హీత్–బ్రౌన్ ఒక ఘనానికి ఇంకో ఘనం రెట్టింపును కలిపిన రూపానికి అదే పని చేశాడు. ఎన్ వర్గం + 1 రూపానికి మాత్రం ఇవానియెత్స్ 1978లో చూపిన రెండు కారణాంకాల ఫలితం దగ్గరే ఆగి ఉన్నాం.

దీని నుంచి వచ్చే ఆచరణాత్మక పరీక్ష ఒకటి చెబుతాను. కవల ప్రధాన సంఖ్యలు అనంతమని లేదా గోల్డ్‌బాక్ ఊహ (2 దాటిన ప్రతి సరి సంఖ్యా రెండు ప్రధానాల మొత్తమే అన్నది) నిజమని జల్లెడతో రుజువు చేశానంటూ ఎవరైనా కాగితాలు తెస్తే, సరి–బేసి అడ్డంకిని ఏ పేజీలో దాటారో చూపించమనండి. ఆ పేజీ లేకపోతే మిగతా పేజీలు చదవనక్కర్లేదు. ఎలియట్–హాల్బర్‌స్టామ్ ఊహను (ప్రధానాలు శేషాల మీద సమంగా పరచుకోవడం వర్గమూలం దాకానే కాక దాదాపు గుంపు పొడవు దాకా నిలుస్తుందన్నది) ఒప్పుకుని థీటాను 1 చేసుకున్నా, జల్లెడ ఒక్కటే ఇచ్చేది రెండు కారణాంకాలే తప్ప ఒకటి కాదు.

పెద్ద జల్లెడ: వేరే పనికి

1941లో లినిక్ మొదలుపెట్టిన పెద్ద జల్లెడను మిగతావాటి పక్కన పెట్టి పోల్చడం పూర్తిగా న్యాయం కాదు. ఒక్కో ప్రధానానికి ఒకటో రెండో శేషాలు పోయే ప్రశ్నలకు కాదు, సగం శేషాలు పోయే ప్రశ్నలకు అది పుట్టింది. 1 నుంచి 509001 వరకు వర్గ సంఖ్యలు 713 ఉన్నాయి. బేసి ప్రధానంతో భాగిస్తే వర్గ సంఖ్యలకు దాదాపు సగం శేషాలు ఎప్పుడూ రావు. పెద్ద జల్లెడ ఇలాంటి గుంపు ఏదైనా వర్గమూలానికి ఒక స్థిర గుణకం కంటే పెద్దది కాలేదని చెబుతుంది. అది దాదాపు నిజమైన పరిమాణమే. కప్పా లెక్క ఇక్కడ అర్థం లేనిది.

దాని ఇంకో ఉపయోగం తెర వెనుక ఉంటుంది. బాంబియేరి రుజువుకు ఆధారం పెద్ద జల్లెడే. అంటే పైన చెన్ వాడుకున్న స్థాయి ఇక్కడి నుంచే వచ్చింది. ఫోరియర్ శ్రేణులంటే ఇష్టం ఉన్న విద్యార్థికి నేను సెల్బెర్గ్ కంటే దీన్నే సూచిస్తాను.

మేనార్డ్ మార్గం: ప్రశ్నను మార్చుకుంటే

తేడా సరిగ్గా 2 కావాలని పట్టుబట్టకుండా, ప్రధాన సంఖ్యలు ఒకదానికొకటి పరిమిత దూరంలో అనంతంగా వస్తాయా అని అడిగితే సరి–బేసి అడ్డంకి కొంత పక్కకు తప్పుకుంటుంది. కె సంఖ్యల జాబితాలో ఏదో రెండు ప్రధానాలైతే చాలు, ఏ రెండో చెప్పనక్కర్లేదు. 2005లో గోల్డ్‌స్టన్, పింట్స్, యిల్దిరిమ్ సెల్బెర్గ్ బరువులను ఇలాంటి జాబితాకు వాడి, థీటా 1/2 కంటే వీసమెత్తు ఎక్కువైనా చాలని చూపారు. ఆ వీసమెత్తునే 2013లో ఝాంగ్ యితాంగ్ ప్రత్యేకమైన భాజకాలకు సాధించి, 7 కోట్ల లోపు దూరం అని రుజువు చేశాడు. ఆయన జాబితాలో కె 35 లక్షలు.

అదే ఏడాది నవంబరులో జేమ్స్ మేనార్డ్ బరువులను ఒక్క చలరాశి మీద కాక కె చలరాశుల మీద ఆధారపడేలా మార్చాడు. టెరెన్స్ టావో కూడా విడిగా అదే ఆలోచనకు వచ్చాడు. ఇప్పుడు థీటా 1/2 దాటనక్కర్లేదు. ఒక ప్రమేయపు నిష్పత్తి గరిష్ఠ విలువ 4 దాటితే చాలు. కె 105 అయినప్పుడు అది దాటుతుంది, దూరం 600. ఇంటర్నెట్‌లో కలిసి పనిచేసిన గణితవేత్తల పాలిమ్యాత్ బృందం 2014లో దాన్ని 246 కు తెచ్చింది. ఎలియట్–హాల్బర్‌స్టామ్ ఊహను ఒప్పుకుంటే 12, దాని విస్తృత రూపాన్ని ఒప్పుకుంటే 6. ఆరు దగ్గర మళ్లీ పాత అడ్డంకే ఎదురుగా నిలబడుతుంది.

పేరు చూసి భయపడతారు గానీ, సెల్బెర్గ్ బరువులు ఒకసారి చేతితో చేసినవాళ్లకు మేనార్డ్ పద్ధతి ఝాంగ్ పద్ధతి కంటే చాలా దగ్గరగా అనిపిస్తుంది. ఝాంగ్‌ది చదవాలంటే ఘాతాంక మొత్తాల మీద గట్టి పట్టు కావాలి. మేనార్డ్‌కు కలనగణితం, ఓపిక చాలు. 2022లో ఆయనకు ఫీల్డ్స్ పతకం వచ్చిన తర్వాత "మేనార్డ్ చేస్తాను సార్" అనేవాళ్లు ఎక్కువయ్యారు. చేయండి. ముందు సెల్బెర్గ్ మాత్రం దాటవేయవద్దు.

ఎవరికి ఏది?

మీ ప్రశ్నలో "మించవు" అనే మాట ఉంటే సెల్బెర్గ్. "కనీసం ఉన్నాయి" అని ఉండి కప్పా 1 అయితే లీనియర్ జల్లెడ. కప్పా 2 కనిపిస్తే, గుంపు మార్చి దాన్ని 1 చేసే దారి ఉందా అని ఒక వారం ఆలోచించండి, ఆ తర్వాతే పెద్ద డైమెన్షన్ జల్లెడల జోలికి వెళ్లండి. చిన్న ప్రధానాలను తుడిచేయడం మాత్రమే కావాలంటే బ్రున్ చాలు, దానికి లీనియర్ జల్లెడ తీయడం దండగ. సగం శేషాలు పోతుంటే పెద్ద జల్లెడ. ప్రధానాలు దగ్గరదగ్గరగా ఉండటం గురించి అయితే మేనార్డ్.

డిగ్రీ మూడో సంవత్సరంలో ఉండి కంప్యూటర్ ప్రోగ్రామింగ్ వచ్చినవాళ్లు రుజువుల కంటే ముందు ఒక పని చేయవచ్చు. ఈ వెయ్యి సంఖ్యల మీద 10 వరకు, 20 వరకు, 31 వరకు జల్లించి మిగిలినవెన్నో లెక్కించండి. వాటిలో కారణాంకాల సంఖ్య సరి ఎన్నింటికి, బేసి ఎన్నింటికి అన్నది విడిగా రాసుకోండి. అలాగే పిన్‌కోడ్‌లనూ విప్పి చూడండి: నల్లగొండది 13 × 23 × 1699, మహబూబ్‌నగర్‌ది 3 × 169667. ఆ తర్వాత అదే పని పది కోట్ల దగ్గర తీసుకున్న లక్ష సంఖ్యల మీద చేసి, ఎస్ 2, 3, 4 దగ్గర వచ్చే అంకెలను పైన ఇచ్చిన దిగువ, ఎగువ విలువల పక్కన పెట్టండి. మీకు వచ్చే అంకెలు ఒకటి చుట్టూనే ఉంటాయి, సిద్ధాంతం ఇచ్చే హద్దుల దగ్గరికి పోవు. ఎందుకు పోవో, ఎలాంటి గుంపు తీసుకుంటే పోతాయో రాయగలిగితే అదే మీ ప్రాజెక్టులో మొదటి అధ్యాయం.